వాడని చెవి మిషను

చెవి మిషను గొట్టంలో ఎవరిదో తెల్ల వెంట్రుక ఇరుక్కుని ఉంది.

దేవకుమారి దాన్ని వెలుతురుకి పట్టి చూసింది. వెంట్రుక ఒక్కటే కాదు. సన్నటి ప్లాస్టిక్ గొట్టం పొడవునా గులిమి గడ్డకట్టి ఉంది. చెవిలో దూర్చుకునే రబ్బరు టోపీ అంచునా అదే. గోటితో కదిపితే మెత్తగా ఊడి వేలికి అంటుకుంది. వేలు చీరకి తుడవబోయి ఆగి, పెరట్లోకి పరుగెత్తింది. సబ్బు పెట్టి చేతులు కడుక్కుంది. వాసన చూసుకుని మళ్ళీ కడుక్కుంది. లోపలికి వచ్చేసరికి భర్త అంద్రెయ అన్నం కంచం పక్కకి నెట్టేసి ఆ మిషను వంకే చూస్తున్నాడు.

"కొత్తదన్నావు, ఇదేనా?" అన్నాడు.

అంద్రెయ రేపల్లె డిపోలో కండక్టరు. ఆయన గొంతు బస్సు చివరి సీటు దాకా వినిపిస్తుంది. ఇంటికొచ్చినా ఆ గొంతు తగ్గదు. చుట్టుపక్కలవాళ్ళు విసుక్కుంటారు గానీ దేవకుమారికి కాపురంలో ఉన్న పెద్ద సుఖం అదే.

"వాడనిది అని రాశారండి. పెట్టె విప్పి చూశారంట, అంతే."

"వాడకుండానే ఇంత గులిమి పట్టిందా? పెట్టెకేమన్నా చెవులున్నాయేంటి?"

బ్యాటరీ వేసి చూశారు. మిషను ఒకసారి కీచుమంది. ఆ కీచు అంద్రెయకి వినిపించింది, దేవకుమారికి వినిపించలేదు. తర్వాత అది కూడా ఆగిపోయింది.

దేవకుమారి చెరుకుపల్లి దగ్గర ఒక ఊళ్ళో మండల పరిషత్ బడి టీచరు. మూడో తరగతి ఆమెది. రెండు మూడేళ్ళుగా చెవులు మందగిస్తూ వచ్చాయి. ముందు పిట్టల కూతలు పోయాయి. తర్వాత ఫోనులో గొంతులు. ఆ తర్వాత వెనక వరసల్లో కూచునే పిల్లలు. పెదాలు చూసి మాట పట్టుకోవడం తనంతట తానే నేర్చుకుంది. బోర్డు మీద రాసేటప్పుడు కూడా పిల్లల మొహాలు కనపడేలా పక్కకి తిరిగి రాసేది. స్టాఫ్‌రూములో అందరూ నవ్వితే తానూ నవ్వేది, అందరూ తల ఊపితే తానూ ఊపేది. చెవిటి టీచరమ్మ అని ఒక్కరి నోట పడితే చాలు, ఎవడో పైకి అర్జీ పెడతాడు, ఉద్యోగం ఊడుతుంది అని ఆమె భయం. అది నిజమో కాదో ఎవరినీ అడగలేదు. అడిగితే తెలిసిపోతుంది కదా.

ఒక్కసారి విజయవాడ వెళ్ళి, వేరే పేరు చెప్పి పరీక్ష చేయించుకుంది. చెవి వెనక దాగిపోయే డిజిటల్ మిషను పెట్టుకోవాలన్నారు. ఖరీదు విని లేచి వచ్చేసింది.

ఆ మిషను సంగతి ఆమె నోరు విప్పి చెప్పింది ఇంకొక్క మనిషికే, తెనాలి స్టేషను ఎదురు సందులో నెట్ సెంటరు నడిపే నాసిర్‌కి. టీచర్ల బదిలీల వివరాలు చూసుకోవడానికి వెళ్ళినప్పుడు పరిచయం. ముప్పై దాటినవాడు, ఇద్దరు బిడ్డల తండ్రి. మొదటి రోజు రెండు మాటలు అయ్యాక కంప్యూటరు వైపు ఉన్న కుర్చీని ఆమె వైపుకి తిప్పుకుని కూచున్నాడు. ఎందుకు తిప్పుకున్నాడో చెప్పలేదు, ఆమె అడగలేదు. రేపల్లెలో నెట్ సెంటర్లు లేక కాదు, అక్కడ తన బడి పిల్లల తల్లిదండ్రులు ఎదురుపడతారని శనివారం మధ్యాహ్నం ప్యాసింజరెక్కి తెనాలి వచ్చేది.

ఆన్‌లైను వేలం సంగతి చెప్పింది నాసిరే. తెనాలి వాళ్ళకి పాత కెమెరాలు, పాత సెల్‌ఫోన్లు చాలా ఇప్పించానన్నాడు. వెతికితే చెవి మిషను కూడా దొరికింది. అమ్మే మనిషి పేరు 'సత్యమిత్ర', ఊరు బాపట్ల. ఆ పేరు పక్కన కొన్నవాళ్ళు రాసిన మెచ్చుకోళ్ళు పేజీలకి పేజీలు ఉన్నాయి. ఒక్క చెడ్డమాట లేదు.

"బాపట్లేనండి టీచర్‌గారూ, పక్క ఊరే. మనవాళ్ళే," అన్నాడు నాసిర్.

పాట మొదలుపెట్టారు. ఎవరో పట్టుబట్టి పాట పెంచుతూ పోయారు. దేవకుమారి కూడా పెంచింది. చివరికి ఆమెకే వచ్చింది. ఆ పెంచినవాడు ఎవరో, వాడూ సత్యమిత్రా ఒక్కరేనేమో అన్న అనుమానం నాసిర్‌కి తర్వాత వచ్చింది గానీ అప్పుడు రాలేదు.

గులిమి పట్టిన మిషను ఫోటోలు తీసి నాసిర్ సత్యమిత్రకి ఉత్తరం కొట్టాడు. డబ్బు వాపసు ఇవ్వమని అడిగాడు. మర్నాడే జవాబు వచ్చింది. ఆ తర్వాతి శనివారం దేవకుమారి వచ్చినప్పుడు దాన్ని తెలుగులోకి మార్చి, నోరు బాగా తెరిచి చెప్పాడు.

"మీ బాధ మాకు అర్థమైందంటున్నాడండి. కానీ చెవిలో పెట్టుకునే వస్తువు ఒకసారి విప్పాక వాపసు తీసుకోరంట. పరిశుభ్రత కోసం."

"ఏం కోసం?"

"పరిశుభ్రత కోసం."

పెదాలు సరిగానే చూసిందా అని ఆమెకి అనుమానం వచ్చింది. నాసిర్ కాగితం మీద రాసి చూపించాడు. ఆ మాట చదువుతుంటే మళ్ళీ వేలి కొనకి ఆ మెత్తదనం తగిలినట్టయి చేతులు చీర కుచ్చెళ్ళలో దాచుకుంది.

వేలం సైటు వాళ్ళకి ఫిర్యాదు పెట్టారు. వాళ్ళు ఫోటోలు చూసి, వస్తువు తిరిగి పంపించండి, అది అందిన తర్వాత డబ్బు ఇప్పిస్తాం అన్నారు. దేవకుమారి మిషన్ని రేకు డబ్బాలో పెట్టి, చుట్టూ దూది కుక్కి, కొరియరులో పంపింది. పంపే చిరునామా చూస్తే బాపట్లలో రైలుకట్టకి అవతల ఒక వీధి.

వారం తర్వాత సత్యమిత్ర నుంచి సైటుకి ఉత్తరం. డబ్బాలో మిషను లేదట, దూదిలో చుట్టిన గులకరాయి ఉందట. రాయి ఫోటో కూడా పెట్టాడు. నున్నటి రాయి, అరచేతిలో పట్టేంత. అంతటితో ఆగక దేవకుమారి ఖాతా మీద అందరికీ కనపడేలా రాశాడు: 'ఈమె మోసగత్తె. అమ్మేవారు జాగ్రత్తపడాలి.'

నాసిర్ ఆ మాట చెప్పకుండా దాటేద్దామని చూశాడు. ఆమె తెర మీద వేలు పెట్టి ఇదేంటని అడిగింది. చెప్పక తప్పలేదు.

దేవకుమారి బడిలో సుద్దముక్క ఇంటికి తెచ్చుకున్న మనిషి కాదు. "రాయి నాసిర్," అంది. "నేను ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని, అబద్ధమాడాల్సిన అవసరం నాకు లేదు అని రాయి. సైటు వాళ్ళకి రాయి, ఆయనకీ రాయి."

నాసిర్ రాశాడు. సైటు వాళ్ళు ఇద్దరి మాటలూ పొంతన లేకుండా ఉన్నాయని, మీలో మీరే సామరస్యంగా తేల్చుకోమని చెప్పి ఫిర్యాదు మూసేశారు. అంద్రెయ డిపో నుంచి సత్యమిత్ర నంబరుకి ఫోను చేస్తే, ఆయన గొంతు వినగానే అవతల పెట్టేశారు.

ఇంకో శనివారం నాసిర్ ఆమె రాగానే లేచి నిలబడ్డాడు.

"టీచర్‌గారూ, చూడండి."

తెర మీద అదే మిషను. అదే ఫోటో, అదే పెట్టె, కింద అవే మాటలు. వాడనిది. పెట్టె విప్పి చూశారు, అంతే. అప్పటికే ఎవరో పాట మొదలుపెట్టారు కూడా.

దేవకుమారి ముందుకు వంగి చూసింది. "కనీసం కడిగాడంటావా?" అంది.

నాసిర్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

బాపట్ల తానొక్కతే వెళ్తానంది దేవకుమారి. అంద్రెయ ఒప్పుకోలేదు.

"నేనొస్తా. ఇద్దరు డ్రైవర్లని కూడా తీసుకొస్తా."

"మీరొస్తే అరుస్తారు. బాపట్లంతా నాకు చెవుడని తెలుస్తుంది."

"అరవడం నా ఉద్యోగమే," అన్నాడాయన. కానీ ఆమె మొహం చూసి సెలవు పెట్టడం మానుకున్నాడు.

రెండో శనివారం చెరుకుపల్లి మీదుగా పోయే బస్సెక్కింది. బాపట్లలో దిగి అడుక్కుంటూ వెళ్తే ఆ వీధి తేలిగ్గానే దొరికింది. ఆ ఇల్లు అందరికీ తెలుసు. "సారథిగారి సేవాసంఘమా అమ్మా? అదిగో, పచ్చ గేటు," అని ఒకాయన దగ్గరుండి చూపించాడు. చూపిస్తూ చేతులు జోడించాడు కూడా.

గేటు మీద బోర్డు ఉంది. ఊతకర్ర సేవాసంఘం. దాని కింద చిన్న అక్షరాలు: కాలం చేసిన మీ పెద్దలు వాడిన వస్తువులు మాకివ్వండి, నిరుపేద వృద్ధులకు అందిస్తాం. వ్యవస్థాపకులు విజయసారథి.

దేవకుమారి ఆ అక్షరాలు రెండుసార్లు చదివింది. తన చెవిలో దూర్చుకోబోయిన దానిలోని తెల్ల వెంట్రుక ఎవరిదో, ఎలాంటి మనిషిదో అప్పుడు అర్థమైంది. గేటు మీద ఉన్న చెయ్యి తీసేసింది. కాసేపు అలా నిలబడి, తర్వాత భుజంతో తోసుకుని లోపలికి వెళ్ళింది.

వరండా గోడ నిండా ఫోటోలు. అన్నిట్లోనూ యాభై ఏళ్ళ మనిషి, తెల్లటి లాల్చీ, వంగి ఒక ముసలమ్మకి ఏదో ఇస్తున్నాడు. ఒకదాంట్లో చేతికర్ర, ఒకదాంట్లో కళ్ళద్దాలు, ఒకదాంట్లో దుప్పటి. చీరలు వేరు గానీ ముసలమ్మ ఒక్కతే. పక్క గది తలుపు తీసి ఉంది. లోపల గోడ పొడవునా కమోడు కుర్చీలు, ఆసుపత్రి మంచాలు, చుట్టలు చుట్టిన పరుపులు. బల్ల మీద కుప్పపోసిన కళ్ళద్దాలు. వాటి పక్కన ప్లాస్టిక్ గిన్నెలో నీళ్ళు, నీళ్ళలో కట్టుడు పళ్ళు. ఫినాయిలు వాసన కొడుతోంది. దాని అడుగున ఇంకో వాసన, మంచాన పడ్డ మనుషుల గదుల్లో ఉండేది. ఒక మూల అన్ని రకాల కొత్త అట్టపెట్టెలు ఖాళీవి పేర్చి ఉన్నాయి.

వరండాలో విజయసారథి కుర్చీలో కూచున్నాడు. ఎదురుగా బెంచీ మీద అరవై దాటిన ఒక పెద్దావిడ కళ్ళొత్తుకుంటోంది. ఆమె పక్కన చక్రాల కుర్చీ. సీటు మీద పూలు అల్లిన దిండు ఇంకా అలాగే ఉంది. మెట్ల దగ్గర ఆటో ఆగి ఉంది. కుర్చీ అందులోనే వచ్చినట్టుంది.

"మాస్టారి కుర్చీ ఏ పేదవాడికో కాళ్ళవుతుంది మాణిక్యాంబగారూ," అంటున్నాడు విజయసారథి. ఆ పెదాలు స్పష్టంగా కదిలాయి, దేవకుమారికి ఒక్క మాట కూడా పోలేదు. "వెంకటరాఘవయ్యగారు ఎక్కడున్నా చూసి సంతోషిస్తారు."

"అంతే కావాలండి నాకు," అంది మాణిక్యాంబ.

అప్పుడాయన దేవకుమారిని చూశాడు. "రా తల్లీ, ఏం తెచ్చావు?" అన్నాడు.

"నేను తేలేదండి. మీ దగ్గర కొన్నాను. చెవి మిషను. రేపల్లె నుంచి వచ్చాను."

విజయసారథి నవ్వు చెరగలేదు. లేచి, చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఆమెని పక్క గది గుమ్మం దగ్గరికి పిలిచి ఏదో చెప్పాడు. రుమాలు వెనక పెదాలు కనపడలేదు.

"రుమాలు తీసి చెప్పండి. నాకు వినపడదు."

రుమాలు కొంచెం దించాడు. "గొడవెందుకు తల్లీ. నీ డబ్బు నీకిచ్చేస్తాను. నువ్వు ఆ సైటులో నా గురించి రెండు మంచిమాటలు రాయించు. వస్తువు బాగుంది, మనిషి నిజాయితీపరుడు అని. నీ మీద రాసింది నేను తీసేస్తాను. ఇద్దరికీ మంచిది."

పేజీలకి పేజీలు మెచ్చుకోళ్ళు ఎలా వచ్చాయో ఆమెకి తెలిసింది. రాసినవాళ్ళు ఎంతమంది ఈ గుమ్మంలో ఇలాగే నిలబడ్డారో, ఎంతమంది చేతులు కడుక్కుని ఇంటికెళ్ళి ఆ మాటలు రాశారో అనుకుంది.

"రాయి పంపానని రాశారు కదండి. మరి ఆ మిషన్నే మళ్ళీ వేలంలో ఎలా పెట్టారు?"

ఆయన మళ్ళీ రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఈసారి చాలాసేపు మాట్లాడాడు. కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. అవి నవ్వడం లేదు.

"వినపడలేదండి," అంది దేవకుమారి.

ఆయన మాణిక్యాంబ వైపు ఓసారి చూసి, దగ్గరికి జరిగి, ఇంకొంచెం గొంతు పెంచినట్టున్నాడు.

"వినపడలేదండి. గట్టిగా చెప్పండి."

ఆమె ఎగతాళికి అనలేదు. నిజంగానే వినపడలేదు. కానీ ఆయనకి అది ఎగతాళిగానే తోచినట్టుంది. మొహం ఎర్రబడింది. రుమాలు లాగేశాడు.

"చెవిటి ముండని పెట్టుకుని ఆ బడి ఎలా నడుపుతున్నారో మీ ఎంఈఓకి రాస్తానంటున్నా. టీచరునని నువ్వే రాశావుగా. వినపడిందా ఇప్పుడు? చచ్చినవాళ్ళ సామాను అమ్ముకుంటే అమ్ముకుంటా, నీకేంటి? నీ ఉద్యోగం ఉండాలంటే నోరు మూసుకుని పో."

ఇంత దగ్గరగా ఆ నోరు చూడాల్సి వచ్చింది. తల్లీ అని పిలిచిన నోరే. పెదాల మూల తెల్లగా నురగ చేరింది. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

మాణిక్యాంబ లేచి నిలబడి ఉంది. ఆమె చెవులు బాగానే ఉన్నట్టున్నాయి.

"అమ్ముతున్నారా ఇవి?" అని అడిగింది.

విజయసారథి గొంతు ఎలా మారిందో దేవకుమారికి తెలీదు గానీ మొహం మారడం చూసింది. "సంఘానికి ఖర్చులుంటాయి కదమ్మా. అద్దె, కరెంటు... పేదవాళ్ళకి ఇచ్చేవి ఇస్తాం, మిగిలినవి..."

దేవకుమారి ఆ పెద్దావిడ దగ్గరికి నడిచింది. "తీసుకెళ్ళిపోండి పిన్నిగారూ," అంది. "ఆటో ఉంది. మీ ఆయన కుర్చీ మీరు తీసుకెళ్ళిపోండి."

మాణిక్యాంబ ఆమె వంక చూడలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, కొంగు నడుముకి దోపుకుంది.

"ఈ కుర్చీకి ఎంతొస్తుందండి?" అని విజయసారథిని అడిగింది.

ఆయన తెల్లబోయాడు.

"కొని ఏడాది కాలేదు. ఇంట్లో నీళ్ళపరుపు కూడా ఉంది, మంచం ఉంది. పదిమందికి పంచుతారని ఊరికే ఇద్దామనుకున్నా. మీరు అమ్ముకునేదయితే సగం నాకివ్వండి. సగం సగం అయితే సాయంత్రమే పంపిస్తా."

పెదాలు తప్పు చదివానేమో అనుకుంది దేవకుమారి. "ఏమన్నారమ్మా?" అని అడిగింది.

"నీ గొడవేదో నువ్వు చూసుకో అమ్మా," అంది మాణిక్యాంబ. ఈసారి మొహం ఆమె వైపే పెట్టి చెప్పింది కాబట్టి తప్పు చదవడానికి లేదు. "పరుపుకి చిన్న మచ్చ ఉందండి," అని మళ్ళీ ఆయన వైపు తిరిగింది.

"దాందేముందమ్మా, కవరు మారిస్తే సరిపోతుంది," అన్నాడు విజయసారథి. కుర్చీలో కూచుని ఆమెని కూడా కూచోమని చెయ్యి చూపించాడు. దేవకుమారి అక్కడ ఉన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

ఆమె గేటు దాటి, వీధి దాటి, మలుపులో మురుక్కాలవ పక్కన వంగి వాంతి చేసుకుంది. ఎదురు బడ్డీకొట్టు ఆయన సోడా కొట్టి తెచ్చి ఇచ్చాడు. నోరు పుక్కిలించి మిగతాది తాగింది. డబ్బులివ్వబోతే ఆయన ఏదో అన్నాడు. ఆమె వినే ప్రయత్నం చెయ్యలేదు. చిల్లర బల్ల మీద పెట్టి బస్టాండుకి నడిచింది.

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పింది. అంద్రెయ మధ్యలో ఒక్కసారి కూడా అరవలేదు.

"ఎంఈఓకి రాస్తాడంటావా?" అన్నాడు చివరికి.

"రాస్తాడు."

"అయితే మనమే ముందు చెప్పేద్దాం."

సోమవారం ప్రార్థన అయ్యాక హెడ్మాస్టరు నరసింహం గదికి వెళ్ళింది. కూచోమన్నా కూచోలేదు. నాకు చెవులు వినపడవు సార్, మూడేళ్ళ నుంచి దాచాను, బాపట్లలో ఒకడు ఎంఈఓగారికి రాస్తానంటున్నాడు, వాడు రాసేలోపల నేనే చెబుతున్నాను అంది.

నరసింహం పెన్ను మూత పెట్టాడు. "తెలుసండి మేడం," అన్నాడు.

"ఏం తెలుసండి?"

"మీకు వినపడదని. నేనిక్కడికి వచ్చినప్పుడే శివపార్వతి మేడం చెప్పారు. అందరికీ తెలుసు. దానికి ఉద్యోగం ఎవరు తీస్తారండి? పరీక్ష చేయించుకుని మిషను పెట్టుకోండి, సరిపోతుంది."

భయం దిగిపోవాలి. దిగలేదు. శివపార్వతి పక్క కుర్చీలో కూచునే టీచరు. రోజూ టిఫిన్ డబ్బాలో కూర మార్చుకునే మనిషి.

"మరి నాకెవరూ చెప్పలేదేంటండి?"

"మీరు బాధపడతారని."

"పల్స్ పోలియో డ్యూటీ ప్రతిసారీ నాకే పడింది. ఓటర్ల జాబితా నాకే. సెలవుల్లో ఇల్లిల్లూ తిరిగి పిల్లల లెక్కలు రాయడం నాకే. ఎందుకండి?"

నరసింహం చెడ్డవాడు కాదు. నిజమే చెప్పాడు. "అడిగితే మీరు తల ఊపేవారు కదండి మేడం. సరే ఒప్పుకున్నారు అనుకుని రాసేసేవాళ్ళం."

"నాకు వినపడదని తెలిసే అడిగారు."

ఆయన కిటికీ బయటికి చూస్తూ ఏదో అన్నాడు. పెదాలు కనపడలేదు. దేవకుమారి మళ్ళీ చెప్పమని అడగలేదు.

స్టాఫ్‌రూములో శివపార్వతి ఎప్పట్లాగే పక్కన కుర్చీ జరిపి కూచోమంది. ఆ నవ్వు ఎన్నేళ్ళుగా చూస్తోందో. ఆ నవ్వుతోనే ఎన్ని మాటలు తన ఎదురుగా అని ఉంటారు, వాటికి తానూ నవ్వుతూ తల ఊపి ఉంటుంది. దేవకుమారి తన పుస్తకాలు తీసుకుని క్లాసుకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం అన్నం కూడా పిల్లలతోనే తింది.

ఇక దాచాల్సింది లేకపోయింది కాబట్టి నాసిర్‌తో సైటులో అందరికీ కనపడేలా అంతా రాయించింది. గులిమి ఫోటో, రాయి ఫోటో, మళ్ళీ వేలానికి పెట్టిన పేజీ, బాపట్ల ఇంట్లో చూసిన గది, మంచిమాట రాస్తేనే డబ్బిస్తానన్న బేరం. కింద తన పూర్తి పేరు పెట్టమంది. "ఉద్యోగం కూడా రాయి. చెవుడని కూడా రాయి," అంది.

అది చూసి ఇంకొందరు బయటపడ్డారు. ఒంగోలు నుంచి ఒకాయన తాను కొన్న కళ్ళద్దాల గురించి రాశాడు. ఇంకొకావిడ వాళ్ళమ్మకి కొన్న నీళ్ళపరుపు గురించి రాసింది. అది చదవమంటే నాసిర్ కొంత చదివి ఆపేశాడు. సత్యమిత్ర ఖాతా మూసేశామని సైటు వాళ్ళు తెలియజేశారు. దేవకుమారి డబ్బు కూడా వాపసు ఇచ్చామన్నారు. వచ్చింది డబ్బు కాదు, కూపను.

"వాళ్ళ సైటులోనే ఏదైనా కొనుక్కోవాలంటండి," అన్నాడు నాసిర్ మొహం చిన్నబుచ్చుకుని. "గడువు కూడా పెట్టారు. ఏదో ఒకటి కొంటారా?"

"ఇంకో చచ్చినవాళ్ళ సామాను కొనమంటావా? వదిలెయ్యి."

గడువు దాటిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి బాపట్ల నుంచే ఇంకో కొత్త పేరుతో చక్రాల కుర్చీ వేలానికొచ్చింది. సీటు మీద పూలు అల్లిన దిండు. వాడనిది అని రాసి ఉంది. నాసిర్ దాని మీద కూడా ఫిర్యాదు పెట్టాడు. వారం పోయాక ఎవరో కొనుక్కున్నారు.

గుంటూరు పెద్దాసుపత్రిలో చెవులు పరీక్ష చేసి, జేబులో పెట్టుకునే రకం మిషను రాసిచ్చారు. చవకది, పెద్దది. పెట్టెని జాకెట్టుకి క్లిప్పుతో తగిలించుకోవాలి. దాన్నుంచి తీగ చెవిదాకా పోతుంది, ఎవరికైనా కనపడుతుంది. అట్టపెట్టెలోంచి తీసి ఇచ్చినప్పుడు దేవకుమారి ముందు దాని రంధ్రం వెలుతురుకి పట్టి చూసింది. డాక్టరమ్మ నవ్వింది, "కొత్తదేనమ్మా," అని.

మొదటి రోజు అది పెట్టుకుని క్లాసుకి వెళ్తే పిల్లలు తీగ వంక చూశారు. ఒకమ్మాయి అది రేడియోనా అని అడిగింది. కాదు, చెవి మిషను, నాకు సరిగ్గా వినపడదు, ఇది పెట్టుకుంటే వినపడుతుంది అని చెప్పింది దేవకుమారి. తర్వాత ఎప్పట్లాగే ఎక్కాలు చెప్పమంది. అందరూ లేచి నిలబడి ఒక్క గొంతుగా మొదలుపెట్టారు. ముందు వరస నోళ్ళు ఎప్పట్లాగే కదిలాయి. కానీ ఈసారి వెనక వరసలు కూడా వినిపించాయి.

ఏడో ఎక్కం దగ్గర ఆమె చెయ్యి ఎత్తింది.

"ఏడు ఎనిమిదులు ఎంతన్నారు?"

"యాభై నాలుగు టీచర్," అన్నారు ముందు వరసలవాళ్ళు.

వెనక వరసలో ఒకడు నలభై తొమ్మిది అన్నాడు. వాడి పక్కవాడు ఎక్కమే చెప్పడం లేదు, ఏదో సినిమా పాట అదే రాగంలో పాడుతున్నాడు. ఆమె తొమ్మిదో ఎక్కం అడిగింది. అదీ తప్పే. పద్యం అడిగింది. రెండో పాదం సగం నుంచి ఎవరిష్టం వాళ్ళది. జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి రోజూ ఈ నోళ్ళ వంక చూసి బాగుంది కూచోండి అంటూ వచ్చింది. కిందటేడు నాలుగో తరగతికి పంపిన పిల్లలు, అంతకుముందేడు పంపిన పిల్లలు కళ్ళముందు వరసగా నిలబడ్డారు. వాళ్ళందరూ ఏం చదివి వెళ్ళారో ఆమెకి తెలియదు. బాపట్లలో గేటు మీద నుంచి చెయ్యి తీసేసినప్పుడు కలిగిన రోత లాంటిదే కలిగింది. ఈసారి దూరంగా నడిచి వెళ్ళిపోవడానికి వీధి లేదు.

కుర్చీ బల్ల వెనక నుంచి తీసి, ఈడ్చుకుంటూ వెళ్ళి వెనక వరస పక్కన వేసుకుని కూచుంది. పెట్టె మీద చక్రం తిప్పి శబ్దం ఇంకొంచెం పెంచింది.

"మళ్ళీ మొదటి నుంచి," అంది. "రెండో ఎక్కం. ఒక్కొక్కళ్ళే చెప్పండి."